గాజు వెనుకనున్న డిస్కు: పాత ఐమాక్‌లో నిల్వసాధనమును మార్చుట

తెర చెక్కుచెదరలేదు, ధ్వని తగ్గలేదు, పైకి చూచిన వన్నె యిసుమంతయు మాయలేదు. అయినను మీట నొక్కి వంటయింటిలోనికి పోయి కాఫీ కలుపుకొని వచ్చునప్పటికిని పనికి సిద్ధపడని కంప్యూటరులు మన యిండ్లలోను, చిన్న ముద్రణశాలలలోను, ఫొటో స్టూడియోలలోను నేటికిని ఎన్నియో కలవు. వానిలో తెరను, యంత్రమును ఒక్కటిగా కూర్చిన ఆల్-ఇన్-వన్ జాతి వానిది ప్రత్యేకమైన దురవస్థ. విడి పెట్టె గల కంప్యూటరు మందగించినచో ప్రక్కపలక విప్పి, పాత డిస్కును తీసి, క్రొత్తదానిని బిగించుట అరగంట పని. ఇందు మాత్రము అదే డిస్కు ఖరీదైన గాజునకును తెరకును వెనుక, గర్భాలయమున మూలవిరాట్టువలె, కూర్చుండియుండును. కావున డిస్కును మార్చవలెనా యను ప్రశ్నను విచారింపబూనువారు డిస్కును మార్చుటవలన కలుగు లాభ మెంతయో, దానిని చేరుటకు పడవలసిన శ్రమ యెంతయో వేర్వేరుగా తూచి చూడవలెను. మొదటిదానికి సమాధాన మన్ని యంత్రములకును ఇంచుమించుగ నొక్కటియే. రెండవదానికి సమాధానము యంత్రము పుట్టిన సంవత్సరమును బట్టి మారిపోవును. మొదటిదానిని కొనియాడి రెండవదానిని దాటవేయు సలహాలు లోకమున విరివిగా దొరకుచున్నవి గనుకనే యీ సమీక్ష వ్రాయవలసివచ్చినది.

ఆల్-ఇన్-వన్‌ల నన్నిటిని ఒక్క గాటను కట్టుట సాధ్యము గాదు. అందుచేత నేను బాగుగ నెరిగిన ఆపిల్ వారి ఐమాక్‌ను, అందును 2009 అక్టోబరులో 21.5, 27 అంగుళముల తెరలతో వెలువడినవి మొదలుకొని 2019 నాటివరకు వచ్చిన నమూనాలను ముఖ్యముగా గ్రహించి, తక్కిన కంపెనీల వానిని చివర ముచ్చటించెదను. ఐమాక్ స్వభావముచేతనే మూతపడిన వస్తు వని కొందరు తలంతురు గాని యది సరికాదు. 2004లో వచ్చిన ఐమాక్ జీ5 వెనుకపలకను మూడు మరలు వదులుచేసి యెవరైనను విప్పుకొనవచ్చును. డిస్కును యజమానియే మార్చుకొను విధమును నాడు సంస్థయే తెలియజేసినది. అటుపిమ్మట యంత్రము పలుచబడిన కొలదియు తలుపు మూయబడుచు వచ్చినది. ఇది విధివిలాసము గాదు. రూపమునకును, బాగుచేసికొను సౌకర్యమునకును పోటీ వచ్చినపుడు రూపమే గెలిచినది.

ఇక మందగమనమునకు హేతు వేమి? లోహపు పళ్లెముల మీద అయస్కాంతముద్రలతో అక్షరములను దాచు విద్యకు 1956లో ఐబీఎం వారు నిర్మించిన 350 అను యంత్రము ఆద్యము; 24 అంగుళముల వ్యాసము గల 50 పళ్లెములు తిరుగుచు, నేటి యొక చిన్న ఛాయాచిత్రమునకు సరిపోవు 50 లక్షల అక్షరములను మాత్రమే యది మోయగలిగినది. పరిమాణము కుదించుకొని పోయి, ధారణశక్తి లక్షల రెట్లు పెరిగినను, మూలసూత్రము మాత్రము మారలేదు: పళ్లెము తిరుగవలెను, దానిపై చేయి కదలవలెను. పూర్వపు కచ్చేరీలలో రికార్డుగదికి బంట్రోతు నంపి కట్ట తెప్పించుకొనుట యెట్టిదో యిదియు నట్టిదే. ఒకే బీరువానుండి వరుసగా నూరు కట్టలు తెమ్మన్నచో అతడు చకచక మోసికొని వచ్చును. పది బీరువాలనుండి ఒక్కొక్క కాగితము తెమ్మన్నచో పొద్దు గూకును.

ఈ యుపమానమునకు లెక్క కూడ కలదు. నిమిషమునకు 7,200 చుట్లు తిరుగు డిస్కులో కోరిన చోటు చేతి క్రిందికి వచ్చుటకు సగటున 4.17 మిల్లీసెకన్లు పట్టును; చేయి కదలి సరియైన వలయమును చేరుటకు మఱి యెనిమిది తొమ్మిది మిల్లీసెకన్లు; వెరసి పదమూడు. అనగా చెల్లాచెదరైన చిన్న తునకలను సెకనునకు సుమారు 75 మించి అది చదువజాలదు. 2012 తరువాతి 21.5 అంగుళముల ఐమాక్‌లలో పెట్టిన చిన్న డిస్కు నిమిషమునకు 5,400 చుట్లు మాత్రమే తిరుగును గనుక దాని పరిస్థితి యింకను హీనము. యంత్రము మేల్కొనునపుడు పదివేల చిన్న తునకలు చదువవలసివచ్చినదని యనుకొందము. బంట్రోతునకు రెండు నిమిషములకు పైగా పట్టును. కదలు భాగము లేవియు లేక, విద్యుదావేశమును గూళ్లలో బంధించి యుంచు ఎస్‌ఎస్‌డీకి ఒక్కొక్క తునక కగు కాలము మిల్లీసెకనులో పదవవంతునకు మించదు గనుక ఆ పని యంతయు ఒక సెకను లోపల ముగియును. తోషీబాలో పనిచేసిన ఫుజియో మసువోకా 1980 దశకమున కనుగొనిన ఫ్లాష్ స్మృతియే దీనికి మూలము.

పాత యంత్రము క్రొత్తగా నున్నపు డింత మెల్లగా లేదే యని ప్రశ్నించువారు లేకపోలేదు. వారి అనుభవము అబద్ధము గాదు. 2017లో మాక్ ఓఎస్ హై సియెర్రాతో ఆపిల్ వారు ఏపీఎఫ్ఎస్ అను క్రొత్త ఫైళ్ల వ్యవస్థను ఎస్‌ఎస్‌డీలకు ప్రవేశపెట్టి, మరుసటి సంవత్సరము మొహావీతో దానిని తిరుగు డిస్కులకు కూడ తప్పనిసరి చేసిరి. ఫ్లాష్ స్మృతిని దృష్టియందుంచుకొని రూపొందించిన యా వ్యవస్థ, సమాచారమును గూర్చిన సమాచారమును డిస్కంతటను చెదరగొట్టును. ఎస్‌ఎస్‌డీకి చెదరినదైనను కుదురైనదైనను ఒక్కటే, తిరుగు డిస్కునకు మాత్రము ప్రతి చెదరుపాటును ఒక నడక. దీనికి తోడు వెనుకచాటున జరుగు సూచికల నిర్మాణము, ఛాయాచిత్రముల పరిశీలన, నకళ్ల సంరక్షణ మొదలగునవి యేటేట పెరిగినవి. బంట్రోతు ముసలివాడు కాలేదు. కచ్చేరీలో పని పెరిగినది.

ఇచ్చట నొక భ్రమను తొలగింపవలెను. 2009, 2010 నాటి ఐమాక్‌లలో డిస్కును బోర్డునకు కలుపు శాటా మార్గము సెకనునకు 3 గిగాబిట్ల వేగము గలది. 2011నుండి డిస్కు మార్గము 6 గిగాబిట్లకు పెరిగినది. ఆచరణలో మొదటిది 280 మెగాబైట్లకు లోబడియు, రెండవది సుమారు 550 మెగాబైట్లును మోయును. ఈ అంకెలను చూచి, 2009 నాటి యంత్రమునకు ఎస్‌ఎస్‌డీ దండుగ యని పెదవి విరచువారిని నే నెరుగుదును. వారు పెద్ద ఫైలును ఒక్క బిగిని కాపీ చేయు వేగమును చూచుచున్నారు గాని నిత్యజీవితమున మనలను వేధించునది చిన్న తునకల అన్వేషణ మని మరచుచున్నారు. అట్టి పనిలో ఉత్తమమైన ఎస్‌ఎస్‌డీ కూడ సాధారణముగా సెకనునకు కొన్ని పదుల మెగాబైట్లకు మించి యిచ్చుట లేదు. దానికి పాత మార్గమే రాజమార్గము. పెద్ద వీడియోలు కూర్చువారికి తప్ప తక్కినవారికి రెండు మార్గములకు నడుమ తేడా అనుభవమునకు రాదని నా నిశ్చితాభిప్రాయము.

లాభమును గూర్చి యింతమాత్రము చాలును, ఇక శ్రమ. 2009నుండి 2011వరకు వచ్చిన నమూనాలు విప్పువానిపై కొంత దయ చూపును. వాని ముందరి గాజు జిగురుతో గాక అయస్కాంతములతో నిలిచియుండును. గాలి పీల్చి అంటుకొను రబ్బరు గిన్నెలు రెంటిని పై మూలల నొత్తి లాగినచో పలక మొత్తము చేతికి వచ్చును. దాని క్రింద తెరను పట్టియుంచిన టార్క్స్ మరలు ఎనిమిదింటిని తీసి, తెరను మెల్లగా ముందునకు వంచి, వెనుకనుండి వచ్చు తీగెలను ఊడదీయవలెను. ఆ తీగెలు పొట్టివి. తెరను ఆత్రముగా నెత్తినచో తెగును. లోపలి పవర్ సప్లయిలో, ప్లగ్గు తీసిన పిదపకూడ కొంతకాలము విద్యుత్తు నిలిచియుండును గనుక, దానిపై చేయి మోపరాదు. నా 27 అంగుళముల యంత్రమును విప్పినపుడు మరలు, తీగెలు అన్నియు సక్రమముగనే జరిగినవి గాని, మూసిన పిమ్మట గాజునకును తెరకును నడుమ ఒక వెంట్రుకయు రెండు ధూళికణములును మిగిలి, తెల్లని పుట తెరచినపు డెల్ల నన్ను వెక్కిరించుచు వచ్చినవి. గాజును మరల తీసి తుడిచితిని. వెంట్రుక పోయి నాలుగు కణములు చేరినవి. వేసవిలో ఫ్యాను క్రింద ఈ పని చేయరాదని నాడు నేర్చితిని.

అయితే ఈ తరమునందలి అసలు చిక్కు గాజు గాదు, తాపమాపకము. ఐమాక్‌లో డిస్కునకు, సీడీ పరికరమునకు, ప్రాసెసరునకు వేర్వేరు ఫ్యానులు కలవు. డిస్కు ఎంత వేడెక్కినదో తెలిసినగాని దాని ఫ్యాను ఎంత వేగముగ తిరుగవలెనో యంత్రమునకు తెలియదు. 2009, 2010 నమూనాలలో ఆ సంగతిని డిస్కుపైనున్న ప్రత్యేకమైన సూదులనుండి ఒక సన్నని తీగె మోసికొని వచ్చును. సీగేట్, వెస్టర్న్ డిజిటల్, హిటాచీ డిస్కులకు ఆ తీగెలు వేర్వేరు. 2011లో ఆ తీగెను తీసివేసి, విద్యుత్తు నందించు తీగెలోనే ఆ సంకేతమును కలిపి, అందుకు తగినట్లు మార్చిన డిస్కులను మాత్రమే వాడిరి. బజారున కొనిన యే ఎస్‌ఎస్‌డీకిని ఈ భాష రాదు. ఫలితముగ, యంత్రము తనకు తెలియని వేడిని అనంతమని భావించి, డిస్కు ఫ్యానును నిమిషమునకు అయిదు వేల చుట్లకు పైగా త్రిప్పును. గదిలో బియ్యపు మర ఆడుచున్నట్లుండును. క్రొత్త డిస్కు పాడైనదని, మదర్‌బోర్డు పోయినదని భయపడి మెకానిక్కుల చుట్టు తిరిగినవా రెందరో కలరు. రోగ మది కాదు, సమాచారలోపము మాత్రమే.

దీనికి మూడు విధములైన చికిత్సలు వాడుకలో నున్నవి. డిస్కు తీగెకు నడుమ తగిలించు, వేడిని స్వయముగ కొలిచి యంత్రము భాషలో చెప్పు, తాపమాపకపు తీగె యొకటి. ఫ్యానుల వేగమును మనమే నిర్ణయించుటకు వీలిచ్చు మాక్స్ ఫ్యాన్ కంట్రోల్ వంటి సాఫ్ట్‌వేరు ఒకటి. సంకేతపు తీగె కొనలు రెంటిని కలిపివైచి యంత్రమును నమ్మించుట మూడవది. ఎస్‌ఎస్‌డీ తిరుగు డిస్కువలె వేడెక్కదు గనుక మూడవది అపాయకరము గాదని దాని పక్షమువారు వాదింతురు. నే నంగీకరింపను. డిస్కు ఫ్యాను డిస్కునకే గాక ఆ ప్రాంతమంతటికిని గాలి యాడించును. విజయవాడలో మే మాసమున గది యుష్ణోగ్రత 40 డిగ్రీలు దాటునపుడు, మోసగింపబడిన ఫ్యాను కనిష్ఠవేగమున తిరుగుచుండగా పదేండ్ల పవర్ సప్లయి ఉడికిపోవుట మంచిది గాదు. సాఫ్ట్‌వేరు మార్గము చౌక గాని యంత్రమును మరియొక ఆపరేటింగ్ సిస్టముతో ప్రారంభించినపుడు మర మరల మొదలగును. కాసు లెక్కువైనను తాపమాపకపు తీగెయే సరియైన మార్గము.

పాత డిస్కును తీయకయే, సీడీ పరికరమును తొలగించి ఆ చోట ఒక చట్రములో ఎస్‌ఎస్‌డీని కూర్చుండబెట్టు పద్ధతియు నీ తరమునకు కలదు. డిస్కు యథాస్థానమున నుండును గనుక తాపమాపకపు బాధ దానితోనే తప్పును. సీడీ పరికరమున కంటించిన చిన్న తాపమాపకమును మాత్రము చట్రమునకు మార్చి అంటింపవలెను. నేడు సీడీలు వాడువారు లేరు గనుక నిది చక్కని యుపాయము. 2011 నమూనాలో ఆ మార్గము 3 గిగాబిట్లదే గాని, పై లెక్క ప్రకార మది లోపము గాదు. ఒక హెచ్చరిక: 2011 నాటి 27 అంగుళముల యంత్రములలో కొన్నింట గ్రాఫిక్సు కార్డులు చెడిపోవుటచే 2013లో ఆపిల్ వారే వానిని ఉచితముగ మార్చియిచ్చిరి. ఆ గడువు లెన్నడో ముగిసినవి. తెరపై చారలు కనబడుచున్న యంత్రమునకు ఎస్‌ఎస్‌డీ వేయుట వల్లకాటి రామనాథునికి వజ్రకిరీటము పెట్టుట వంటిది.

2012 చివర వచ్చిన, అంచున 5 మిల్లీమీటర్ల మందము మాత్రమే గల ఐమాక్‌తో కథ మారినది. అయస్కాంతములు పోయి, గాజును తెరను ఒక్కటిగా అతికి, రెండు వైపుల అంటుకొను నురుగు పట్టీతో పెట్టెకు అంటించిరి. దానిని విప్పుటకు పట్టీని అంచు వెంబడి చిన్న ప్లాస్టిక్ చక్రముతో కోయవలెను. మూయుటకు పాత పట్టీ పనికిరాదు, నమూనాకు సరిపడు క్రొత్త పట్టీలు ముందే తెప్పించుకొనవలెను. పై అంచు నడుమ కెమెరా కలదు. అచ్చట చక్రమును లోతుగ దింపినచో చెడును. చెంబుతో పోయినది బిందెతో వచ్చునా యన్నట్లు, కొన్నివేల రూపాయల డిస్కు కొఱకై దానికి ఎన్నో రెట్లు విలువగల తెరను పగులగొట్టుకొనిన కథలు మరమ్మతువారి నోట వినుచునే యున్నాము. చేయి తిరిగినవారికిది కష్టము గాదు. మొదటిసారి చేయబోవువారికి నేను సలహా ఈయను.

ఈ తరములో మదర్‌బోర్డునకు వెనుకవైపున ఫ్లాష్ పలకకు ప్రత్యేకమైన గూడు కలదు. 2013నుండి అది పీసీఐఈ మార్గమున పనిచేయును. ఆపిల్ వారి సొంత ఆకృతి గనుక సామాన్యమైన ఎన్‌వీఎమ్ఈ పలకను పెట్టుటకు నడుమ నొక అడాప్టరు కావలెను. యంత్రము హై సియెర్రాగాని తరువాతిది గాని యెక్కించుకొనియుండవలెను. వేగమున నిది శాటాను మించునది నిజమే. కాని దానిని చేరుటకు తెరను తీసినది చాలక, స్పీకర్లు, ఫ్యాను, పవర్ సప్లయి, చివరకు మదర్‌బోర్డునే బయటికి తీయవలెను. కొన్ని 21.5 అంగుళముల నమూనాలలో ఫ్లాష్ లేక అమ్మినవానికి ఆ గూడే లేదు. అంతయు విప్పి చూచి నిట్టూర్చుటకంటె ముందుగనే విచారించుట మేలు. అంత దూరము విప్పువారు, ర్యాము మార్చుకొను తలుపు లేని 21.5 అంగుళముల యంత్రమైనచో, ర్యామును కూడ ఆ పూటనే పెంచుకొనవలెను. 2015 నాటి 21.5 అంగుళముల వానిలో మాత్రము ర్యాము బోర్డునకే అతుకబడియున్నది, దానిపై ఆశ వదలుకొనవలసినదే.

ఫ్యూజన్ డ్రైవును గూర్చి రెండు మాటలు. చిన్న ఫ్లాష్ పలకను, పెద్ద తిరుగు డిస్కును సాఫ్ట్‌వేరుతో కలిపి ఒక్కటిగ చూపు నీ యేర్పాటు 2012లో 128 గిగాబైట్ల ఫ్లాష్‌తో గౌరవముగనే మొదలైనది. 2015లో ఒక టెరాబైటు ఫ్యూజన్‌లోని ఫ్లాష్‌ను 24 గిగాబైట్లకు తగ్గించిరి. 2017లో 32కు పెంచిరి. పేరు మారలేదు గాని సరుకు మారినది. ఫ్యూజన్‌లోని రెండు భాగములలో నేది చెడినను మొత్తము సమాచారము పోవును గనుక, తిరుగు డిస్కు పదేండ్లు దాటిన ఫ్యూజన్ యంత్రము గలవారు వేగము కొఱకు గాకపోయినను భద్రత కొఱకైన నాలస్యము చేయరాదు.

ఇప్పుడు, ఎల్లరు చిన్నచూపు చూచునదియు, నా దృష్టిలో 2012 తరువాతి యంత్రములకు ముందుగ ఆలోచింపదగినదియు నగు మార్గము: విప్పనేవద్దు. ఆ యంత్రములకు సెకనునకు 5 గిగాబిట్ల యూఎస్‌బీ 3 కలదు. చిన్న పెట్టెలో నున్న ఎస్‌ఎస్‌డీని దానికి తగిలించి, దానిపై మాక్ ఓఎస్ ఎక్కించి, యంత్రము ప్రారంభించునపుడు ఆప్షన్ మీటను పట్టుకొని ఆ డిస్కు నెన్నుకొని, పిదప స్టార్టప్ డిస్కు అమరికలో దానినే స్థిరపరచినచో, సెకనునకు 400 మెగాబైట్ల వరకు వేగము లభించును. లోపలి ముసలి డిస్కు ఖాళీ గాదెవలె పడియుండును. తెర పగులదు, పట్టీ కోయనక్కరలేదు, ఫ్యాను అరవదు. లోపములు లేకపోలేదు: వెనుక నొక డబ్బా వ్రేలాడుట అందమునకు భంగము, ఎవరైనను తీగె లాగినచో యంత్రము నిలిచిపోవును, ఖాళీయైన గూళ్లను ఎస్‌ఎస్‌డీకి తెలియజేయు ట్రిమ్ ఆదేశమును మాక్ ఓఎస్ యూఎస్‌బీ మీదుగా సాధారణముగ పంపదు. మొదటిదానికి రెండువైపుల అంటు పట్టీ యొక్క ముక్క చాలును. చివరిదానివలన సామాన్యముగ వాడువారికి బాధ కలుగుట నేను చూడలేదు. డిస్కును నిండ నింపక అయిదవవంతు ఖాళీగ నుంచిన చాలును. అయితే 2009, 2010 యంత్రములకు యూఎస్‌బీ 2 మాత్రమే కలదు. సెకనునకు 40 మెగాబైట్లు దాటని యా మార్గమున నీ యుపాయము పనికిరాదు. ఫైర్‌వైర్ 800 దానికి రెట్టింపు మెరుగు గాని తగిన పెట్టెలు దొరకుట దుర్లభము. 2011 యంత్రమునకు థండర్‌బోల్ట్ కలదు. ఆ పెట్టె ధర మాత్రము కొన్నిచోట్ల యంత్రము ధరను మించును.

ఏ ఎస్‌ఎస్‌డీ కొనవలెనను ప్రశ్నకు నేనంత ప్రాధాన్యమీయను. పేరున్న కంపెనీది, బిల్లుతో, వారంటీతో కొనుట ముఖ్యము; సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరులోనైనను, ఆన్‌లైనులోనైనను, నమ్మశక్యము గాని ధరకు రెండు టెరాబైట్లు ఇచ్చెదమనువారిని నమ్మరాదు. ఎస్‌ఎస్‌డీ వ్రాసినకొలది అరిగిపోవునను భయము సామాన్యులకు నిరాధారము. ఒక మంచి 500 గిగాబైట్ల ఎస్‌ఎస్‌డీకి 300 టెరాబైట్ల వ్రాతవరకు కంపెనీ పూచీ పడుచున్నది. దినమునకు 20 గిగాబైట్లు వ్రాసినను దానికి నలువది సంవత్సరములు పట్టును. అంతకు ముందే మన కండ్లద్దములు నాలుగుసార్లు మారును. కాని అలమరలో మూలబెట్టి సంవత్సరముల తరబడి విద్యుత్తు తగులనీయని ఎస్‌ఎస్‌డీ తన జ్ఞాపకమును కోల్పోవచ్చును గనుక పెండ్లి వీడియోలను దాచుటకు మాత్రము తిరుగు డిస్కే నయము.

పాత సమాచారమును క్రొత్తదానికి తరలించుటలో నకలు తీయుట మేలా, క్రొత్తగ ఎక్కించుట మేలా యను తగవు చిరకాలమునుండి కలదు. సాధారణముగ క్రొత్తగ ఎక్కించి, టైమ్ మెషీన్‌నుండి కావలసినవానిని తెచ్చుకొనుట శుభ్రమైన పద్ధతి. కాని పుస్తకములు, పత్రికలు కూర్చువారి విషయము వేరు. 2019లో వచ్చిన కెటలీనా 32 బిట్ల ప్రోగ్రాములను పూర్తిగ నిషేధించినది. సీఎస్6 కాలపు ఇన్‌డిజైన్ అట్టిది. యూనికోడునకు ముందటి ఖతులతో ఆ ప్రోగ్రాములో కూర్చిన తెలుగు పుటలు వందల కొలది గలవారు, ఉత్సాహముచే క్రొత్త వ్యవస్థను ఎక్కించినచో తమ పుస్తకములను తామే తెరువలేని స్థితికి వత్తురు. వారు ఉన్న వ్యవస్థకు ఉన్నది ఉన్నట్లుగ నకలు తీసికొనవలెను. అట్టి పాత వ్యవస్థకు రక్షణ సవరణలు రావు. బ్యాంకు లావాదేవీలను దానిపై నడుపక ఫోనులోనే చేసికొనుట వివేకము. ఎస్‌ఎస్‌డీ యంత్రమునకు వేగ మీయగలదు గాని ఆయుర్దాయపత్రము నీయలేదు.

విండోస్ నడచు హెచ్‌పీ, లెనోవో, డెల్ ఆల్-ఇన్-వన్‌ల కథ సులభతరము. పెక్కింటికి వెనుకపలక ప్లాస్టిక్ కొక్కెములతో నిలిచియుండును. పాత ఏటీఎం కార్డుతో నైనను విప్పవచ్చును. లోపల 2.5 అంగుళముల డిస్కును ఆ కొలత ఎస్‌ఎస్‌డీతో తిన్నగ మార్చవచ్చును. ఫ్యాను గోల లేదు. కొన్నింటికి ఎమ్.2 గూడు కూడ కలదు. అది శాటా జాతిదో ఎన్‌వీఎమ్ఈ జాతిదో మాన్యువల్ చూడక కొనరాదు. బిట్‌లాకర్ తాళము వేయబడియున్నదేమో ముందుగ చూచి, దాని రికవరీ అంకెను కాగితముపై వ్రాసికొనవలెను. విండోస్ 10కు ఉచిత రక్షణ సవరణలు 2025 అక్టోబరు 14తో ముగిసినవి గనుక, విండోస్ 11కు తగని యంత్రము గలవారు క్రొత్త డిస్కుపై లినక్స్ ఎక్కించుకొనుట యోచింపదగినది. ‘అను’ ఖతులతో పేజ్‌మేకరులో పనిచేయువారు మాత్రము పాత విండోస్‌నే యుంచి, దానిని ఇంటర్నెట్టునుండి విడదీసికొందురు గాక.

నా తీర్పు అడిగినచో చెప్పెదను. 2009, 2010 ఐమాక్‌లను చేతిలో ఓపిక గలవారు తామే విప్పి, తాపమాపకపు తీగెతో ఎస్‌ఎస్‌డీ వేసికొనవచ్చును. 2011 దానికి గ్రాఫిక్సు బాగున్నదని తేలిన పిదపనే చేయి వేయవలెను. 2012నుండి 2019 వరకు గలవానికి యూఎస్‌బీ మార్గమునే మొదట నొక నెల వాడి చూచి, చాలదని తోచినచో మరమ్మతువాని యొద్దకు పోవలెను. పోవువారు నూటికి పదిమంది కూడ నుండరని నా నమ్మకము. ఫ్యూజన్ గలవారు వీరెవరికంటెను ముందు మేలుకొనవలెను. 2020 నాటి 27 అంగుళముల యంత్రము నుండి ఫ్లాష్ బోర్డునకే అతుకబడినది. దానిని గూర్చి మార్పిడి ప్రసక్తియే లేదు.

పాఠకులకు కడపటి విన్నప మొకటి. ఏ మార్గము నెన్నుకొనినను, మర మీద స్క్రూడ్రైవరు పెట్టుటకు ముందే మీ ఫైళ్లను వేరొక డిస్కుపైకి నకలు తీసి, ఆ నకలును తెరచి చూడుడు. బయటికి తీసిన పాత డిస్కును ఆనాడే చెరిపివేయకుడు; దానిపై తారీకు వ్రాసి, ఒక మాసము అలమరలో నుంచుడు. ఆ పిమ్మట పూర్తిగ చెరిపిన తరువాతనే గాని పాత ఇనుము వానికి తూకమునకు వేయకుడు. అందు మీ బ్యాంకు కాగితములును, మీ పిల్లల ఫొటోలును ఇంకను ఉన్నవి.